ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ గారు – గేటు పాడుచేసిన పిల్లలకు పెట్టిన శిబిరం

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ పురుషుని జీవితం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, గాంధీగారి గురించో వీరేశలింగం పంతులుగారి గురించో వ్రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. వారిని గురించి నాకన్న బాగా వ్రాయగలవారు మన సంఘంలోనే పదిమంది ఉన్నారు. నేను ఎన్నుకొన్న మనిషి ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్. జంతువుల కథలు వ్రాసి, వాటికి బొమ్మలు తానే వేసుకొని, అమెరికాలోను ఇంగ్లండులోను ఇంటింటా పేరు సంపాదించిన ఈయన 1946లో కాలం చేశారు. ఇన్నేళ్ళ తరువాత ఇక్కడ కూర్చొని ఆయనను తలచుకోవడానికి కారణం ఉన్నది.

పోయిన నెల ఒక స్కౌటు మాస్టారు మన సంఘ కార్యాలయానికి వచ్చారు. పదేళ్ళ లోపు కబ్ పిల్లలకు ఒక శని, ఆదివారాల్లో శిబిరం పెడుతున్నామనీ, గిరిజన సంస్కృతి అనే అంశం మీద ఆ రెండు రోజుల కార్యక్రమం ఉండాలనీ, పెద్దలు ప్రణాళిక వేసి పెట్టాలనీ కోరారు. అయిదుగురితో ఉపసంఘం వేశారు. ఆకుల లంగాలు, తలకు కోడి ఈకలు, ముఖానికి మసి, రాత్రి మంట చుట్టూ గెంతడం, సినిమాలో మాదిరి ఒక కేక. అంచనా ఖర్చుతో సహా పావుగంటలో అంతా తేలిపోయింది. మినిట్సు వ్రాస్తున్నవాణ్ణి నేనే. మసి దగ్గరకు వచ్చేసరికి నా కలం ఆగింది. ఎందుకు ఆగిందో తరువాత మనవి చేస్తాను. సరిగ్గా ఇటువంటి శిబిరమే 120 ఏళ్ళ క్రితం సీటన్ గారు పెట్టారు. పిల్లల శిబిరాలకు అది ఒక మూలపురుషుని వంటిది. కాబట్టి ముందు ఆయన సంగతి చూద్దాము.

సీటన్ గారు 1860 ఆగస్టు 14న ఇంగ్లండులో సౌత్ షీల్డ్స్ అనే రేవుపట్నంలో పుట్టారు. ఇంటినిండా మగపిల్లలు. తండ్రి ఓడల వ్యాపారంలో దెబ్బతిని, 1866లో సంసారాన్ని కెనడాకు తరలించారు. మొదట అడవి కొట్టి సేద్యం చేశారు. అది కలిసిరాక 1870లో టొరంటో చేరి లెక్కలు వ్రాసే ఉద్యోగం చేసుకొన్నారు. తండ్రి కఠినుడు. పిల్లవాడు ఇంట్లో ఉండలేక ఊరి పక్కన డాన్ నది లోయలోకి పోయి, పిట్టలను చూస్తూ, అక్కడ ఎవరికీ తెలియకుండా ఒక చిన్న పాక కట్టుకొన్నాడు. కొన్నాళ్ళకు దిమ్మరులు కొందరు ఆ పాకలో జొరబడి దాన్ని పాడుచేశారు. ఆ దుఃఖం ఆయన ముసలితనం వరకు మరువలేదు. తన జాగాను ఒకరు పాడుచేస్తే కలిగే బాధ ఏమిటో చిన్ననాడే తెలిసిన మనిషి అని మాత్రం పాఠకులు గుర్తుంచుకోవాలి.

బొమ్మలు వేయడంలో ప్రతిభ కనబడి, పంతొమ్మిదో ఏట లండను పంపారు. అక్కడ రాయల్ అకాడమీలో సీటు దొరికింది గాని, ఆయన మనసు బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలోని జంతుశాస్త్ర పుస్తకాల మీద. ఇరవై ఒకటి నిండనివారికి ప్రవేశం లేదని నిబంధన. గ్రంథాలయాధికారి, మ్యూజియం ధర్మకర్తలు తలచుకొంటే తప్ప తన చేతిలో లేదన్నాడు. ధర్మకర్తలెవరు? యువరాజు, ప్రధానమంత్రి, కాంటర్బరీ ఆర్చిబిషప్పు. ఈ కుర్రవాడు ఆ ముగ్గురికీ అర్జీలు పెట్టాడు. కొన్నాళ్ళకు జవాబులు వచ్చాయి, వాటితోపాటు యావజ్జీవ ప్రవేశపత్రం వచ్చింది. ముప్పై ఏళ్ళు అర్జీలు స్వీకరించిన వాణ్ణి కాబట్టి ఈ ముక్క చదివినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. పైవారికి పెట్టిన అర్జీ ఇంత త్వరగా ఫలించడం నేను నా సర్వీసులో చూడలేదు.

చాలీచాలని తిండితో ఆరోగ్యం చెడి 1881లో ఇంటికి తిరిగి వచ్చారు. ఇరవై ఒకటి నిండాక తండ్రి ఆయనను పిలిచి లెక్కల పుస్తకం తెరిచి చూపించారట. పుట్టినప్పుడు డాక్టరుకిచ్చిన ఫీజు మొదలుకొని ఆనాటి వరకు అయిన ఖర్చు మొత్తం 537 డాలర్ల 50 సెంట్లు. ఇక మీదట దానికి వడ్డీ కూడా నడుస్తుందని చెప్పారట. ఇది సీటన్ గారు 1940లో వెలువరించిన ఆత్మకథలో వ్రాసుకొన్న సంగతి. మనలో చాలామంది రికవరీ ఆర్డర్లు తయారుచేసినవాళ్ళమే. మంత్రసాని ఖర్చు రికవరీ పెట్టిన తండ్రి మాత్రం మన ఎవరికీ తగల్లేదనుకొంటాను.

ఆ మరుసటి యేడు ఆయన మానిటోబా మైదానాలకు వెళ్ళిపోయారు. అక్కడ ఏళ్ళ తరబడి పక్షులను, మృగాలను చూసి, కొలిచి, నోటుపుస్తకాల్లో ఎక్కించారు. పారిస్ వెళ్ళి చిత్రకళ చదివారు. 1891లో నిద్రపోతున్న తోడేలు చిత్రం అక్కడి ప్రదర్శనకు స్వీకరించబడింది. ఆయన బ్రతుకులో తోడేలు తప్పదు.

1893లో న్యూ మెక్సికోలోని కురుంపా లోయకు పోయారు. అక్కడ లోబో అనే పెద్ద తోడేలు తన గుంపుతో పశువులను చంపి మందలవారికి దిక్కుతోచకుండా చేస్తున్నది. విషానికి లొంగలేదు, బోనుకు లొంగలేదు. చివరకు దాని జత అయిన బ్లాంకా అనే తెల్ల తోడేలును పట్టి చంపి, దాని వాసనను ఎరగా చేసి ఉచ్చులు పెట్టారు. జత కోసం వెతుకుతూ వచ్చిన లోబో వాటిలో చిక్కింది. 1894 జనవరి 31న పట్టుబడి, గాయాలేమీ ప్రాణాంతకమైనవి కాకపోయినా తెల్లవారేసరికి చనిపోయింది. సీటన్ గారు అంతకు ముందు తోడేళ్ళను చంపడానికి జీతం పుచ్చుకొన్న మనిషి. ఆ తరువాత మారిపోయారు. లోబో కథ అదే సంవత్సరం పత్రికలో వచ్చింది. 1898లో మరికొన్ని కథలతో కలిపి పుస్తకంగా వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. తన సంతకం పక్కన తోడేలు అడుగుజాడ గీయడం ఆయనకు అలవాటు. అది అలంకారమో ప్రాయశ్చిత్తమో చదివేవారే నిర్ణయించుకోవచ్చును.

పుస్తకాల డబ్బుతో న్యూయార్కుకు దగ్గరలో, కనెక్టికట్ రాష్ట్రంలోని కాస్ కాబ్ అనే ఊళ్ళో, వంద ఎకరాల పైచిలుకు నేల కొన్నారు. చెరువు తవ్వించి, చుట్టూ కంచె వేయించి, పక్షులకూ జంతువులకూ నెలవుగా చేశారు. అంతకు మునుపు ఆ నేల ఊరి పిల్లలు ఇష్టం వచ్చినట్లు తిరిగి వేటాడుకొన్న చోటు. కంచె పడగానే వారికి కోపం వచ్చింది. కంచె విరగ్గొట్టారు. జంతువులను కాల్చారు. గేటు మీద బూతుబొమ్మలు గీశారు. సీటన్ గారు గేటుకు రంగు వేయిస్తారు, మర్నాడు మళ్ళీ బొమ్మలు. మళ్ళీ రంగు, మళ్ళీ బొమ్మలు.

పోలీసు రిపోర్టు ఇస్తే చట్టం ఆయన పక్షమే. ఆయన అది చేయలేదు. ఊరి బడికి వెళ్ళి, పంతులు అనుమతితో పిల్లలతో మాట్లాడారు. ఈస్టరు సెలవుల్లో శుక్రవారం నుంచి సోమవారం వరకు తన నేలలో డేరాలు వేసుకొని ఉండటానికి రమ్మన్నారు. దుప్పట్లు తెచ్చుకోవాలి, తుపాకులూ అగ్గిపెట్టెలూ తేరాదు, తిండి తనదే. గేటు సంగతి మాటమాత్రంగానైనా ఎత్తలేదు. 1902 సంవత్సరం. పన్నెండుమందికి ఏర్పాటు చేస్తే నలభై ఇద్దరు వచ్చారని ఆయన లెక్క. శిబిరం నడిపిన ప్రతివారికీ ఈ లెక్క నిజమని తెలుసు. వంటకు మనుషులను లెక్కవేసి చెప్పిన పంతులు ఇంతవరకు పుట్టలేదు.

మొదట వాళ్ళను చెరువులో పడి ఈదనిచ్చారు, కేకలు పెట్టనిచ్చారు, కడుపునిండా పెట్టారు. చీకటిపడ్డాక మంట దగ్గర కూర్చోబెట్టి కథలు మొదలుపెట్టారు. అవి మనం చిన్నప్పుడు రెడ్ ఇండియన్లని చదువుకొన్న అమెరికా ఆదివాసుల కథలు. వారి వేట, వారి ఓర్పు, మాట తప్పని గుణం, తమ జనానికోసం పోరాడి 1813లో ప్రాణమిచ్చిన షానీ నాయకుడు టెకుమ్సే చరిత్ర. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. ఆ తరువాత వారిని ఒక తెగగా ఏర్పడి తమ నాయకుణ్ణి తామే ఎన్నుకొమ్మన్నారు. అల్లరిలో ముందున్నవాడే నాయకుడుగా ఎన్నికైనాడు. సీటన్ గారికి కావలసింది అదే. ఆ తరువాత గేటు మీద బొమ్మలు పడలేదు.

ఇందులో ఆయన పెట్టిన ఒక పద్ధతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన పోటీల్లో ఒకడు గెలిస్తే ముప్పైమంది ఓడిపోతారు. ఆయన పోటీలో ఓడించవలసిన మనిషి ఉండడు, అందుకోవలసిన కొలత ఉంటుంది. ఇంత దూరం ఇంత కాలంలో పరుగెత్తినవాడు, ఇన్ని చెట్లను పేరుతో గుర్తుపట్టినవాడు, ఇన్ని పక్షులను పోల్చుకొన్నవాడు ఎవడైనా సరే, పదిమందైనా సరే, అందరికీ తలా ఒక ఈక. చదువులో వెనుకబడ్డవాడికి చెట్ల దగ్గర ఈక దొరుకుతుంది. ఈ పద్ధతిని మా ఉపసంఘం ప్రణాళికలో ఉన్నదున్నట్లు చేర్చుకొన్నాము.

ఆ యేడే ఒక స్త్రీల మాసపత్రికలో వరుసగా వ్యాసాలు వ్రాసి, ఊరూరా ఇటువంటి పిల్లల తెగలు ఏర్పడేటట్లు చేశారు. నియమాలన్నీ ఒక చిన్న పుస్తకంగా కూర్చి, 1906లో ఇంగ్లండులో ఒక సైన్యాధికారికి పంపారు. ఆయనే రాబర్ట్ బేడెన్ పొవెల్. అక్టోబరులో ఇద్దరూ లండనులో కలుసుకొన్నారు. 1907 ఆగస్టులో బేడెన్ పొవెల్ గారు బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది చిల్లర పిల్లలతో శిబిరం నడిపారు. 1908లో వారి ప్రసిద్ధ గ్రంథం వచ్చింది. అందులో తన ఆటలూ పద్ధతులూ కనబడ్డాయి గాని, తనకు రావలసినంత గుర్తింపు రాలేదని సీటన్ గారు నొచ్చుకొన్నారు. నా మట్టుకు నాకు ఇద్దరి పక్షానా న్యాయం కనిపిస్తుంది. సైన్యంలో ఆనవాళ్ళు తీయడం మీద బేడెన్ పొవెల్ గారు అంతకు ముందే 1899లో పుస్తకం వ్రాసి ఉన్నారు. కాని డ్రాఫ్టు వ్రాసినవాడి పేరు ఫైలు మీద కనబడకపోతే ఎట్లా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

1910లో అమెరికాలో బాయ్ స్కౌట్ల సంస్థ ఏర్పడినప్పుడు సీటన్ గారే తొలి చీఫ్ స్కౌట్ అయినారు. అయిదేళ్ళకే తెగతెంపులైనాయి. సంస్థలో సైనిక ధోరణి ఎక్కువవుతున్నదని ఆయన వాదన. ఆయన అమెరికా పౌరుడు కాదన్నది ఎదుటివారి వాదన. 1915లో పదవి పోయింది. అయినా 1926లో అదే సంస్థ తన అత్యున్నత పురస్కారాన్ని మొదటిసారి ఇచ్చినప్పుడు ఆ జాబితాలో ఆయన పేరు ఉన్నది. మనలో సస్పెండైన తరువాత సన్మానం పొందినవారు ఒకరిద్దరు ఉన్నారు, వారికి ఇది ఊరట.

ఇక ఈయన జీవితంలో నన్ను నిద్రపోనివ్వని భాగానికి వస్తాను. కాస్ కాబ్‌లో తెల్లవారి పిల్లలు ఈకలు కట్టుకొని మంట చుట్టూ నాట్యమాడుతున్న ఆ కాలంలో, అసలు ఆదివాసుల పిల్లలు ఏం చేస్తున్నారు? 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట వారికోసం ఒక వసతి పాఠశాల పెట్టారు. అదే నమూనాలో మరెన్నో వచ్చాయి. పిల్లలను తల్లిదండ్రులకు వందల మైళ్ళ దూరం తీసుకుపోయి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. కార్లైల్ బడి 1918 వరకు నడిచింది. పెద్దవారి సంగతి చూస్తే, 1883లో ప్రభుత్వం జారీచేసిన నిబంధనల ప్రకారం వారి నాట్యాలు, పూజలు నేరాలు. నాట్యమాడితే రేషను నిలిపివేయవచ్చును. పుట్టిన దేశంలో వారందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో. అంటే ఒకే దేశంలో ఒకే నాట్యం తెల్లపిల్లవాడు ఆడితే ఈక, ఆదివాసి ఆడితే శిక్ష.

సీటన్ గారు ఇది ఎరుగనివారు కారు. ఆదివాసుల పట్ల జరిగిన అన్యాయాన్ని సభల్లో చెప్పారు, పుస్తకాల్లో వ్రాశారు, వారిలో స్నేహితులను సంపాదించుకొన్నారు. ఆ కాలపు తెల్లవారిలో అంత గౌరవంతో మాట్లాడినవారు కొద్దిమందే. అయితే ఆయన కథల్లోని ఆదివాసి చాలావరకు ఆదర్శపురుషుడు. పది తెగల ఆచారాలను కలిపి ఒక మూటగా కట్టిన మనిషి. మొదటి శిబిరం మంట దగ్గర ఆ కథలు చెప్పింది సీటన్ గారే, ఆ జనంలో ఒకరు కాదు. ఒహియెసా అనే డకోటా జాతీయుడు, తెల్లవారి పేరు చార్లెస్ ఈస్ట్‌మన్, వైద్యుడు, 1890లో ఊండెడ్ నీ మారణకాండలో గాయపడినవారికి చికిత్స చేసినవాడు, 1914లో స్కౌటు పిల్లలకోసం తన జనం విద్యలను తానే పుస్తకంగా వ్రాశాడు. ఎవరి సంగతి వారు చెబితే ఎట్లా ఉంటుందో అప్పటికే ఒక దారి పడిందన్నమాట.

సీటన్ గారు కూడా ఆలస్యంగానైనా ఆ దారికి దగ్గరగా వెళ్ళారు. 1930లో న్యూ మెక్సికోలోని శాంటాఫే పక్కకు మకాం మార్చి, అక్కడ యువనాయకులకు వేసవి శిక్షణ నడిపారు. పక్క గ్రామాల ప్యూబ్లో ప్రజలు వచ్చి తమ విద్యలను తామే చూపించేవారు. 1931లో ఆయన అమెరికా పౌరులైనారు. సంసారం విషయానికి వస్తే, మొదటి భార్య గ్రేస్ గారు స్వయంగా రచయిత్రి, స్త్రీల ఓటుహక్కుకోసం పనిచేసిన మనిషి. వారి కుమార్తె ఆన్యా సీటన్ నవలలు వ్రాసి పేరు పొందింది. 1935లో జూలియా గారిని వివాహమాడారు. 1946 అక్టోబరు 23న, ఎనభై ఆరో ఏట, ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. 1960లో ఆయన చితాభస్మాన్ని ఆ కొండల మీద విమానం నుంచి చల్లారు. ఆయన కట్టుకొన్న ఇల్లు 2005లో కాలిపోయింది.

ఇప్పుడు నా కలం ఎందుకు ఆగిందో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో గోదావరి ఏజెన్సీలో ఒక కార్యాలయంలో పనిచేశాను. ఎవరో పెద్దవారు వస్తున్నారని కోయవారి కొమ్ము నృత్యం ఏర్పాటు చేశారు. తలలకు దున్నకొమ్ములు, నెమలి ఈకలు, మెడలో పెద్ద పెద్ద డోళ్ళు, ఆడవారు చేతులు పట్టుకొని వరుస. లారీలో పొద్దున్నే దింపారు. వచ్చేవారు సాయంత్రం వచ్చారు. పగలంతా ఎండలో కూర్చున్నవారు పది నిముషాలు ఆడారు. జీపులు కదిలాయి. తిరుగు లారీ మాట అందరూ మరిచిపోయారు. రాత్రి వారు నడిచి వెళ్ళారు. మర్నాడు బిల్లు వ్రాసింది నేను. వచ్చినవారు ఇరవై మందికి పైగా ఉన్నారు. ఒక్కొక్కరి పేరూ వ్రాసి వేలిముద్ర తీసుకోవాలంటే పని పెరుగుతుందని, ఒక ముసలాయన వేలిముద్ర ఒకటి వేయించి, పేరు ఉండవలసిన గడిలో నృత్య బృందం అని వ్రాసి పంపాను. ఏ అభ్యంతరమూ లేకుండా పాసయింది. ఆ ముసలాయన పేరు నేను అడగలేదు.

అందుచేత ఉపసంఘంలో అసమ్మతి నోటు ఒకటి పెట్టాను. పిల్లలకు మసి వద్దు, ఆకులు వద్దు, కొమ్ములు వద్దు. స్కౌటు యూనిఫారంలోనే కూర్చుంటారు. శనివారం రాత్రి మంట దగ్గర కథ చెప్పడానికి, ఆదివారం ఉదయం చెట్ల పేర్లు చెప్పడానికి, డోలు మీద చేయి వేయనివ్వడానికి కోయపెద్దలు ఇద్దరిని, వారికి తోడు మరో నలుగురిని పిలవాలి. వారు ఏది చూపమంటే అదే, చూపమన్నంత వరకే. రానూపోనూ చార్జీలు, భోజనం, బస, తలా గౌరవ వేతనం. కోశాధికారిగారు వెంటనే కూడిక వేశారు. కోడి ఈకలతో అయ్యే ఖర్చుకు నాలుగు రెట్లు అవుతుందని తేల్చారు. స్కౌటు మాస్టారు కొంచెంసేపు ఆలోచించి, పిల్లలకు నిజమైన డోలు దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుందన్నాను. అప్పుడు ఒప్పుకొన్నారు. ఆదివారం మధ్యాహ్నం పెట్టదలచిన బహుమతి ప్రదానం తీసివేసి కొంత, అధ్యక్షులవారి పూలదండ తీసివేసి కొంత మిగిల్చాము. తక్కినది సభ్యుల చందాలు రావాలి.

చెల్లింపు పత్రం నేనే గీశాను. ఆరు వరుసలు, వరుసకు ఒక పేరు, ఊరు, సంతకమో వేలిముద్రో. పేర్ల గడులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. వచ్చే వారం ఏజెన్సీకి బయలుదేరుతున్నాను. బస్సులో పక్కన కూర్చునే తీరిక మన సభ్యుల్లో ఎవరికైనా ఉంటే రెండు రోజుల ముందు కబురు చేయగోరతాను.